పదిహేడో పేజీ

వేసవి సెలవులిచ్చిన మర్నాడు కూడా నేను మామూలు వేళకే క్యారియర్ సర్దుకుంటుంటే మా అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"పిల్లలకి సెలవులు. టీచర్లకి సెలవులు. గంట కొట్టేవాడికీ సెలవులే. నీకొక్కదానికేనా బడి?"

"పిల్లలు తిరుగుతుంటే పుస్తకాల లెక్క చూడలేం అత్తయ్యా. బీరువాలన్నీ దింపి చూడాలి."

"కందకి లేని దురద కత్తిపీటకి," అంది, నాతో కాదు, చేతిలో ఉన్న గరిటెతో.

ఆ సాయంత్రమే మా ఆడపడుచు ఇద్దరు పిల్లలతో దిగుతోంది. ఇంట్లో పని పెరుగుతుందని నేను బడికి తప్పించుకుంటున్నానేమోనని ఆవిడ అనుమానం. అందులో కొంత నిజం ఉండటం వల్ల నేను గట్టిగా కాదనలేకపోయాను.

అసలు భయం వేరే. ఆఖరి పరీక్ష రోజున హెడ్మాస్టరుగారు లైబ్రరీకి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గది పొడవూ వెడల్పూ కళ్ళతో కొలిచారు.

"ఈసారి లెక్క ఎలా తేలుతుందో చూద్దాం మేడమ్. కనబడని పుస్తకాలు వంద దాటితే ఈ గదిని కంప్యూటర్లకి ఇచ్చేద్దామని కమిటీ అంటోంది. పుస్తకాలకి తాళం వేసి వరండాలో పెట్టుకోవచ్చు. మీకు పాఠాలు చెప్పుకోడానికి మూడో తరగతి ఉండనే ఉంది," అన్నారు.

నేను చేరి రెండేళ్ళయింది. మొదటి వేసవి పైకప్పు మరమ్మత్తుతో సరిపోయింది. అంతకు ముందు ముప్పై ఒక్క ఏళ్ళు ఈ గది పెద్ద మేడమ్‌ది. ఆవిడ రిటైరవుతూ, అయిదు వేల రెండు వందల పద్నాలుగు పుస్తకాల్లో తొమ్మిది తప్ప అన్నీ ఉన్నాయని రాసి సంతకం పెట్టారు. నేను ఆ కాగితం చూసి తాళాలు తీసుకున్నాను. అంత పెద్దావిడ రాసినదాన్ని కొత్తగా వచ్చినదాన్ని నేను ఎంచుతానా?

లెక్క చూడటమంటే వరసగా బీరువా తెరిచి, ఒక్కో పుస్తకం తీసి, రిజిస్టరులో దాని నంబరు పక్కన టిక్కు పెట్టడం. చూసిన పుస్తకానికి గుర్తుగా అట్ట లోపల పెన్సిల్‌తో ఒక చుక్క పెడతాను. అనుమానం ఉన్నచోట రహస్య పేజీ కూడా చూస్తాను. ప్రతి లైబ్రరీకీ అలాంటిదొకటి ఉంటుంది. మొదటి పేజీ మీద ముద్ర అందరికీ కనిపిస్తుంది కాబట్టి, పుస్తకం కొట్టేసేవాడు ముందు దాన్నే చింపుతాడు. అందుకని లోపల ఒక పేజీలో, అడుగున, కుట్టుకి దగ్గరగా నంబరు మళ్ళీ చిన్నగా రాస్తాం. ఏ పేజీ అన్నది లైబ్రేరియన్‌కి తప్ప ఎవరికీ తెలియకూడదు. మాది పదిహేడో పేజీ. తాళాలిచ్చిన రోజున పెద్ద మేడమ్ ఆ సంగతి నా చెవిలో చెప్పారు, గదిలో మేమిద్దరమే ఉన్నా.

రెండో వారానికి ఇరవై రెండు బీరువాల్లో పద్నాలుగు అయ్యాయి. కనబడనివి డెబ్బై ఒకటి.

ఆ సోమవారం పొద్దున పెద్ద మేడమ్ వచ్చారు. చేతిలో గుడ్డ సంచీ, జిగురు డబ్బా, సూదులు గుచ్చిన చిన్న దిండు.

"ఇంట్లో ఏం తోచట్లేదమ్మాయ్. చిరిగినవి కుట్టిపెడతాను," అన్నారు.

"మీకెందుకు మేడమ్ ఈ ఎండలో శ్రమ?"

"శ్రమేముంది. నీకు అడ్డమా?"

అడ్డమని ఎలా అంటాను? కిటికీ దగ్గర కుర్చీ వేశాను. సూదిలో దారం ఎక్కించే పని మాత్రం బడి ఊడ్చే ఆయమ్మకి అప్పజెప్పేవారు. అదొక దర్జా అనుకున్నాను. కుట్టు మాత్రం చూడకుండానే కుట్టేవారు, వేళ్ళే దారి వెతుక్కుంటున్నట్టు.

సంచీని కుర్చీ కాలికి ఆనించి పెట్టుకునేవారు. ఆయమ్మ చీపురు పట్టుకుని దగ్గరికొస్తే ఒళ్ళోకి తీసుకునేవారు. మంచినీళ్ళకి లేచినా సంచీ వెంట వెళ్ళేది.

"బంగారమేమైనా ఉందా మేడమ్ అందులో?" అంది ఆయమ్మ ఒకసారి.

"నా మందులున్నాయి. నీకూ ఒకటి కావాలా, నోరు తగ్గడానికి?" అన్నారు ఆవిడ.

వెళ్ళేటప్పుడు రోజూ ఒకటే ప్రశ్న: "ఇవాళ ఎన్ని తేలలేదు?" చెప్పేదాన్ని. రెండో రోజు, "ఆ జాబితా ఒక కాపీ రాసివ్వమ్మా, ఇంట్లో తీరిగ్గా చూసుకుంటాను," అన్నారు.

"ఇక్కడే చూడండి మేడమ్."

"ఇక్కడ వెలుతురు చాలట్లేదు."

కిటికీలోంచి ఎండ ఆవిడ ఒళ్ళో నిండుగా పడుతోంది. నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ జిగురు డబ్బా మూత బిగించుకుంటున్నారు. కాపీ రాసిచ్చాను.

శుక్రవారం సాయంత్రం తొమ్మిదో బీరువాకి తాళం వేయబోతూ ఆగిపోయాను. పై వరసలో సముద్రాల గురించి పిల్లలకి రాసిన నీలం అట్ట పుస్తకం నిలబడి ఉంది. అది కనబడలేదని రాసుకున్నది నేనే. దాని కోసం ఆ వరస మూడుసార్లు వెతికాను. అట్ట తెరిచాను. పెన్సిల్ చుక్క లేదు. పదిహేడో పేజీ తిప్పాను. అడుగున, కుట్టు దగ్గర, నంబరు ఉంది.

సోమవారానికి మరో రెండు వచ్చాయి. బుధవారానికి నాలుగు. ఏదీ ఒకే బీరువాలో కాదు. అన్నీ నేను చూసేసి, టిక్కులు పెట్టేసిన బీరువాల్లోనే.

ఆయమ్మని వరండాలోకి పిలిచాను.

"ఈ గది తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయి?"

"మీ దగ్గర, హెడ్మాస్టరు గారి దగ్గర. నన్నడుగుతున్నారేంటమ్మా? నేను పుస్తకం తీసుకుని ఏం చేసుకోను? చదువా రాదు. పోనీ పొయ్యిలో పెట్టుకుందామంటే మాదీ గ్యాసేనాయె."

"నిన్నెవరన్నారు ఇప్పుడు?"

గుమ్మడికాయల దొంగ అంటే ఈవిడెందుకు భుజాలు తడుముకుంటోంది అనుకున్నాను ఒక్క క్షణం. కానీ వచ్చిన ప్రతి పుస్తకం దాని వరసలోనే ఉంది, అలా పెట్టడం చదువు రాని ఆయమ్మ వల్ల కాదు. ఆ వరసలు తెలిసినవాళ్ళం లోకంలో ఇద్దరమే. నేను తీయలేదు.

"పెద్ద మేడమ్ దగ్గర ఇంకో తాళం ఉండేది," అంది ఆయమ్మ గొంతు తగ్గించి. "తిరిగిచ్చినట్టు నేనైతే చూళ్ళేదు. అయినా తాళమెందుకమ్మా? మీరు మధ్యాహ్నం ఆఫీసుకెళ్ళినప్పుడు ఆవిడ ఒక్కరే కదా ఉండేది ఇక్కడ."

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పకుండా ఉండలేకపోయాను. నా మీద అనుమానాలన్నీ ఒక్క దెబ్బతో ఆవిరైపోయాయి. అత్తయ్య నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

"తీసుకెళ్ళినవే తెచ్చి పెడుతోంది. నువ్వు లెక్క మొదలెట్టావని ఎవరో చెప్పుంటారు. గుండెల్లో రాయి పడుంటుంది," అంది.

"ముప్పై ఏళ్ళు చేసినావిడ అత్తయ్యా."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. జీతం ఇస్తున్నప్పుడు చేసేది పని. జీతం లేకుండా ఎండలో పడి వచ్చి చేస్తోందంటే, దాని వెనకాల ఇంకేదో ఉందన్నమాట."

నేను కూడా సెలవుల్లో జీతం లేకుండానే వెళ్తున్నానని ఆవిడకి గుర్తు చేయలేదు.

"నేను చెప్పనా వదినా," అంది ఆడపడుచు, పిల్లాడి నోట్లో ముద్ద పెడుతూ. "పోని పుస్తకం ఒకటి పోయిందని జాబితాలో రాయి. అది నీ దగ్గరే దాచు. మిగతావన్నీ వచ్చి అదొక్కటే రాకపోతే, వచ్చినవన్నీ ఆవిడ ఇంట్లోవే. తీసుకెళ్ళని పుస్తకం ఎక్కణ్ణుంచి తెస్తుంది?"

"నా కూతురు చదువుకోవలసింది," అంది అత్తయ్య.

మర్నాడు పక్షిగూళ్ళ బొమ్మల పుస్తకం తీసి నా టేబుల్ సొరుగులో పెట్టి తాళం వేశాను. నంబరు రెండు వేల మూడు వందల ఏడు. చేతులు సొరుగులో ఉండగా తలుపు వైపు చూసుకున్నాను. నా గదిలో నేనే ఒక పుస్తకం దాచడం అదే మొదటిసారి. జాబితా కొత్త కాపీలో దాని పేరు మధ్యలో, ఎక్కడా అనుమానం రాకుండా ఇరికించాను. పెద్ద మేడమ్ ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకున్నారు.

ఆ తర్వాతి రోజులు ఆవిడ సూది కంటే ఆవిడ సంచీనే ఎక్కువ చూశాను. పొద్దున వచ్చేటప్పుడు సంచీ అడుగున బరువుగా వేలాడేది. సాయంత్రం తేలిగ్గా ఊగేది. మనిషి మాత్రం ఎప్పటిలాగే ఉండేవారు. ఒకసారి నా చీర బావుందన్నారు. నా మనసు మెత్తబరచడానికే అనుకున్నాను.

ఇరవై రెండు బీరువాలూ పూర్తయ్యాయి. నా జాబితాలో నూట పద్దెనిమిది పేర్లున్నాయి. అందులో దొంగ పేరు ఒకటి. ఆపాటికి తిరిగొచ్చినవి ఇరవై రెండు. హెడ్మాస్టరుగారు శనివారం వస్తానని కబురు చేశారు. వచ్చినవాటి పక్కన కూడా టిక్కు పెట్టేస్తే తొంభై అయిదే మిగులుతాయి. గది దక్కుతుంది. నోరు మూసుకుంటే చాలు.

గురువారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చాక అలవాటుగా బీరువాలన్నీ ఒకసారి తెరిచి చూశాను. పదకొండో బీరువా, రెండో వరస. పక్షిగూళ్ళ పుస్తకం.

ముందు సొరుగు పగలగొట్టారనుకున్నాను. పరుగున వెళ్ళి తాళం తీశాను. సొరుగులో పుస్తకం పెట్టింది పెట్టినట్టే ఉంది. తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టాను. అవే గూళ్ళు, అవే గుడ్లు. రెండింటి మొదటి పేజీ మీదా బడి గుండ్రటి ముద్ర. రెండింటి పదిహేడో పేజీలోనూ రెండు వేల మూడు వందల ఏడు.

కిటికీ దగ్గర పెద్ద మేడమ్ కుడుతూనే ఉన్నారు.

అప్పుడు పేజీలు వెనక్కి తిప్పి, రెండు పుస్తకాల్లోనూ అచ్చు వివరాలుండే పేజీ తీశాను. చీమ తలకాయంత అక్షరాలు. ఈ పుస్తకం బడికి వచ్చి పంతొమ్మిదేళ్ళయిందని రిజిస్టరు చెబుతోంది. సొరుగులోది దానికి ముందు ఏడాది అచ్చయింది. బీరువాలో దొరికింది ఆరేళ్ళ కిందటిది. బడికి చేరిన పదమూడేళ్ళకి పుట్టిన పుస్తకం. నీలం అట్ట సముద్రాల పుస్తకం తెచ్చి చూశాను. అదీ అంతే. ఇంకో అయిదు చూశాను. మూడు అంతే.

ఈవిడ తీసుకెళ్ళినవి తెచ్చి పెట్టడం లేదు. ఎక్కణ్ణుంచో వేరే పుస్తకాలు తెచ్చి, పోయినవాటి నంబర్లు రాసి, పోనట్టు నిలబెడుతోంది. ఎవరి కోసం? శనివారం టిక్కులు పెట్టి సంతకం చేసేది నేను. రేపెవరైనా అచ్చు సంవత్సరం చూస్తే దొంగ లెక్క రాసింది ఎవరు? నేనే. నన్ను ఇరికించడానికా?

ఆయమ్మని టీ తెమ్మని పంపించి, రెండు పుస్తకాలూ ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"మేడమ్, వీటిలో మీరు తెచ్చింది ఏది?"

సూది ఆగింది. ఆవిడ రెండు అట్టలూ వేళ్ళతో తడిమారు. ఒకదాన్ని తెరిచి మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు, తర్వాత దూరంగా. రెండోదాన్నీ అలాగే. చివరికి ఒకటి ఎత్తి చూపించారు.

"ఇది."

అది సొరుగులోది.

నేను రెండోదాన్ని ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడకి అర్థమైంది.

"కాదా," అన్నారు.

"కాదు మేడమ్. మీరు తెచ్చినదాని మీద అచ్చయిన సంవత్సరం ఉంది. ఆరేళ్ళ కిందటిది."

"అంత చిన్నక్షరాలు నాకు కనబడి చాలా కాలమైందమ్మాయ్." సూదిని దిండుకి గుచ్చబోయారు. అది పక్కన దిగింది. వేలితో దిండు వెతుక్కుని మళ్ళీ గుచ్చారు. "ఆపరేషన్ చేశారు. పెద్దవి బాగానే తెలుస్తాయి. నీ చీర రంగు తెలుస్తుంది. అక్షరం మాత్రం పొగ."

"ఎప్పట్నుంచి?"

"రిటైరవడానికి ముందు మూడేళ్ళు."

సూది ఆయమ్మ చేతికి ఎందుకిచ్చేవారో, ఎండలో కూర్చుని వెలుతురు లేదని ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. ఆ వెంటనే ఇంకొకటి కూడా తెలిసింది.

"అయితే ఆఖరి లెక్క..."

"చూడలేదు. బీరువాలు తెరిచాను, మూశాను. కళ్ళు కనబడ్డ ఆఖరి ఏడాది తొమ్మిది పోయాయి. ఆ తర్వాత ఏటా తొమ్మిదే అని రాసి సంతకం పెట్టాను. కళ్ళు కనబడవని చెబితే ఆ మూడేళ్ళూ ఇంట్లో కూర్చోబెడతారని భయం." ఒళ్ళోని పుస్తకాలు సర్దుకుంటూ అన్నారు, "ఆ మూడేళ్ళలోనే ఇన్ని పోయుంటాయి. పిల్లలు కనిపెట్టేశారు, ఈవిడ చూడలేదని. నువ్వు లెక్క మొదలెట్టావని విన్న రోజు నుంచీ నిద్ర లేదు నాకు."

"నాతో చెప్పొచ్చుగా."

"నీతోనా? మొదటి రోజు నుంచీ నువ్వు నన్ను చూసే చూపేమిటి? అక్షరాలు కనబడవు గానీ చూపులు కనబడతాయి. అంతా తెలిసే అడుగుతోంది, పట్టుకెళ్ళి హెడ్మాస్టరు ముందు పెడుతుంది అనుకున్నాను."

ఆవిడ నన్ను అనుమానిస్తూ నా ముందు కూర్చుని కుట్టారన్న సంగతి నాకు తట్టనే లేదు.

"ఇవన్నీ ఎక్కడివి?"

"కొన్ని మా ఇంట్లోవి. కొన్ని పాతపుస్తకాల కొట్లలో దొరికాయి. పక్షిగూళ్ళది మా మనవరాలిది, బదులు బొమ్మ కొనిపెడతానని తీసుకొచ్చాను. అరిగిపోయిందని పారేయమన్న పాత ముద్ర నా దగ్గరే ఉండిపోయింది. జాబితా చదివేది మా ఆయన. నంబరు రాసేదీ ఆయనే, నా రాత చూసి నేర్చుకుని. ఆయనకి చెవులు లేవు, నాకు కళ్ళు లేవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి." నవ్వబోయి మానేశారు. "ముప్పై ఒక్క ఏళ్ళు ఆయనకి పేజీ చెప్పలేదమ్మాయ్. ఈ వేసవిలో చెప్పాల్సొచ్చింది. అదీ కేకలేసి."

మరుక్షణం ఆవిడ నుదురు ముడిపడింది. సొరుగులోని పుస్తకం మీద వేలితో తట్టారు.

"ఇది పోలేదుగా. మరి జాబితాలోకి ఎలా ఎక్కింది?"

నేను రిజిస్టరు వైపు చూశాను.

"నన్ను పట్టుకోడానికి దాచావా? లైబ్రేరియన్‌వి అయ్యుండి, పుస్తకం దాచావా?"

"మరి మీరు లైబ్రేరియన్ అయ్యుండి దొంగ నంబర్లు రాయలేదా?"

ఆయమ్మ టీ తెచ్చి, మా మొహాలు చూసి, గ్లాసులు పెట్టి మళ్ళీ వరండాలోకి వెళ్ళింది. తలుపు దాటాక ఆగిపోయిందని ఆవిడ నీడ చెప్పింది.

"నోరు మూసుకో అమ్మాయ్," అన్నారు పెద్ద మేడమ్ చివరికి. "టిక్కులు పెట్టేసెయ్. గది దక్కుతుంది. ఎవరు చూస్తారు అచ్చు సంవత్సరాలు?"

"నేను చూశానుగా."

"చూసింది నువ్వొక్కదానివే."

"తర్వాత వచ్చే ఆవిడా చూస్తుంది. అప్పుడు నా సంతకం ఉంటుంది దాని మీద, మీ సంతకంలాగే."

ఆ మాట ఆవిడకి తగిలింది. తగలాలనే అన్నాను.

దారి ఒకటుంది. మేమిద్దరం ఏటా పిల్లల చేత చేయించే పనే. పుస్తకం పోగొట్టినవాళ్ళు అదే పుస్తకం ఇంకోటి తెచ్చిస్తే, రిజిస్టరు ఆఖరి గడిలో 'బదులు పుస్తకం' అని రాసి, తెచ్చినవాళ్ళ చేత సంతకం పెట్టించుకుంటాం. అప్పుడది పోయినట్టు కాదు. కానీ పెద్ద మేడమ్ పేరు ఆ గడిలో ఇరవై రెండుసార్లు ఉంటుంది, పోగొట్టిన మనిషిగా.

నేను రిజిస్టరు తెచ్చి, ఆ గడి ఉన్నచోట తెరిచి ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ ఆ కాగితాన్ని అరచేత్తో నిమిరారు. ఎక్కడ ఏ గీత ఉందో ఆవిడకి చెప్పాల్సిన పని లేదు.

"ఆరో తరగతి పిల్లల పక్కన నా సంతకమా," అన్నారు.

"అందరికీ ఒకే రూలని మీరే కదా చెప్పారు నాకు."

"నీకు చాలా చెప్పాను. తప్పు చేశాను." చెయ్యి చాపారు. "పెన్ను ఇవ్వు. వరస ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

ఒక్కో వరస మీద నా వేలు పెట్టాను. నా వేలి పక్కనే ఆవిడ సంతకం. ఇరవై రెండు. పక్షిగూళ్ళ వరస వచ్చేసరికి, "ఇది నీది, నువ్వే పెట్టుకో," అన్నారు. జాబితాలో ఆ పేరు కొట్టేసి పక్కన నా సంతకం పెట్టాను.

శనివారం హెడ్మాస్టరుగారు ఈసారి కూర్చున్నారు. జాబితా చదివి, రిజిస్టరు తిప్పి, ఒక పేజీ దగ్గర ఆగారు.

"ఈ సంతకం..."

"ఆవిడదే సార్."

"ఇరవై రెండా? ఊరికే ఎవరైనా ఇన్ని పుస్తకాలు తెచ్చిస్తారా మేడమ్? దీని వెనక ఏముంది?"

"రూలే ఉంది సార్. పోగొట్టినవాళ్ళు తెచ్చిచ్చారు, సంతకం పెట్టారు. పోయినవి తొంభై అయిదు."

ఆయన నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. మూడు వారాలుగా నేను పెద్ద మేడమ్‌ని చూసిన చూపే అది. రెండు నిమిషాలు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు.

"కమిటీ అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఈ ఏడాదికి గది ఉండనిద్దాం," అని సంతకం పెట్టారు. వెళ్తూ వెళ్తూ మళ్ళీ ఒకసారి గది పొడవు చూసుకున్నారు.

సోమవారం పెద్ద మేడమ్ రారనుకున్నాను. మామూలు వేళకే వచ్చారు. సంచీని కుర్చీ కాలికి ఆనించలేదు, నా టేబుల్ మీద పెట్టారు. అందులో నిజంగానే మందులున్నాయి. మందుల కింద మూడో తాళం ఉంది. అది తీసి నాకిచ్చారు.

"మనవరాలి పుస్తకం ఏం చేస్తావు?" అన్నారు.

"మీరు బడికి ఇచ్చిన కొత్త పుస్తకంగా రాసుకుంటాను. ఈ రెండేళ్ళలో కొత్తవేవీ రాలేదుగా, నంబరు అయిదు వేల రెండు వందల పదిహేను. మీరు రాయించిన నంబరు కొట్టేశాను."

"మంచిది. అయితే పేజీ కూడా మార్చుకో. ఇక మీదట వచ్చేవాటికి పదిహేడు పనికిరాదు. మా ఆయనకి తెలిసిపోయింది. చెవిటి మనిషి, ఏది చెప్పినా వీధంతా వినబడుతుంది."

"అదే అనుకున్నాను మేడమ్."

"ఏ పేజీ అనుకుంటున్నావు?" కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

నేను పుస్తకం తీసుకుని బీరువా వైపు వెళ్ళాను. ఆవిడకి వీపు పెట్టి నిలబడి, పేజీ తిప్పి, కుట్టు దగ్గరగా నంబరు రాశాను. తర్వాత సిరా ఆరేదాకా అరచెయ్యి అడ్డం పెట్టుకునే నిలబడ్డాను.

"కనబడవు కదా నాకు," అన్నారు వెనకనుంచి.

"తిప్పిన పేజీల చప్పుడు లెక్కపెడతారు మీరు," అన్నాను.

ఆవిడ వరండాలో ఉన్న ఆయమ్మని పిలిచి, సూదిలో దారం ఎక్కించమన్నారు.